గ్యాసును పాతిపెట్టే నాగలి

"గ్యాసును నేలలో దున్ని పెట్టడం కుదురుతుందా సార్?" అని క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. కుదురుతుంది. అమెరికాలో మొక్కజొన్న రైతులు ఏళ్ల తరబడి చేస్తున్న పని అదే.

యూరియాలో నత్రజని 46 శాతం. ఆ యూరియాకు ముడిసరుకైన అమ్మోనియా గ్యాసులో 82 శాతం. అలాంటప్పుడు దాన్నే నేరుగా పొలంలో వేస్తే పోలా? 1940లలో మిసిసిపీ రాష్ట్రంలోని స్టోన్‌విల్ పరిశోధన కేంద్రంలో దీన్ని చేసి చూపించారు. కర్రు వెనకాల సన్నటి గొట్టం బిగించి, 15, 20 సెంటీమీటర్ల లోతులో అమ్మోనియా వదిలారు. అది మట్టిలోని తడిలో కరిగి, అమ్మోనియంగా మారి, బంకమట్టి రేణువులను పట్టుకుంటుంది.

స్ట్రిప్ టిల్లేజ్ దీనికి తర్వాత జత కలిసింది. చేనంతా దున్నరు. సాలు పడే చోట జానెడు వెడల్పు పట్టీ మాత్రమే దున్ని, అందులోనే ఎరువు పెట్టి, మధ్యలో మోళ్లూ చొప్పా అలాగే ఉంచేస్తారు. వాలు నేలలో మట్టి కొట్టుకుపోకుండా ఆపేది ఆ చొప్పే.

నన్ను కట్టిపడేసింది మాత్రం గొట్టాల్లో జరిగే తతంగం. అమ్మోనియా సున్నాకు 33 డిగ్రీలు దిగువనే మరుగుతుంది. ట్యాంకులో ద్రవంగా ఉందంటే ఒత్తిడి చలవే. బయటికి రాగానే ఒత్తిడి పడిపోతుంది, కొంత ఆవిరవుతుంది. 20 డిగ్రీల ద్రవాన్ని బయటి గాలి ఒత్తిడికి వదిలితే బరువులో ఐదో వంతు కూడా ఆవిరి కాదు. కానీ ఆ కాస్త ఆవిరే గొట్టంలో 99 శాతానికి పైగా చోటు ఆక్రమిస్తుంది! ఇక ఎంత ఎరువు పోతోందో చూసే మీటరు కొలిచేది దేన్ని?

దీనికి విరుగుడు అమ్మోనియా దగ్గరే ఉంది. మీటరుకు ముందు ఒక కూలర్ పెడతారు. వచ్చే ద్రవంలో కొంచెం పక్కకు మళ్లించి, అసలు గొట్టం చుట్టూ ఆవిరి కానిస్తారు. గ్యాసు ఎక్కువగా వాడినప్పుడు వంటింటి సిలిండర్ చెమర్చినట్టే, ఆవిరయ్యేది పక్కనున్న వేడిని లాగేసుకుంటుంది. లోపలి ద్రవం చల్లబడి, మరగకుండా మీటరు దాటుతుంది. పక్కకు మళ్లిన ఆవిరినీ పారేయరు, వేరే గొట్టంతో నేలలోకే పంపుతారు. సరుకులో కొంత ఖర్చుపెట్టి మిగతాదాన్ని అదుపులో ఉంచడం, అది కూడా పంపూ మోటారూ లేకుండా! ఎవరికి తట్టిందో గాని, దండం పెట్టాలి.

మీటరు దాటాక మానిఫోల్డ్, అంటే ఒక గొట్టాన్ని కర్రుకొకటిగా చీల్చే భాగం. అక్కడ ఒత్తిడి ఇంకా తగ్గి ద్రవమూ ఆవిరీ మళ్లీ కలగలుస్తాయి, ఆ మిశ్రమం అన్ని కర్రులకూ సమంగా పంపకం కావాలి. చదును నేలలోనే ఇది కష్టం. వాలు మీద అడ్డంగా నడిచేటప్పుడు నాగలితో పాటు మానిఫోల్డూ ఒరుగుతుంది, బరువైన ద్రవం పల్లం వైపు గొట్టాల్లోకి మొగ్గుతుంది. వాటా తగ్గిన సాళ్లలో పైరు పాలిపోతుంది.

ఇక రాళ్లు. విస్కాన్సిన్ రాష్ట్రం నైరుతి మూల కొండల్లోకి మంచుయుగంలో హిమానీనదాలు రాలేదు. పలచటి మట్టి కిందే సున్నపురాయి. కర్రు రాయికి తగిలితే విరగకుండా స్ప్రింగు దాన్ని వెనక్కి, పైకి లేవనిస్తుంది. ఇనుము దక్కుతుంది. కానీ గొట్టం మూతి నేల బయటికొచ్చి, ఆ క్షణంలో అమ్మోనియా తెల్లటి పొగలా లేస్తుంది. స్ప్రింగు ఎంత మెత్తనిదైతే కర్రు అంత భద్రం, గ్యాసు అంత వృథా. గట్టిదైతే ఇనుము పోతుంది. అందుకే కొందరు కర్రు మానేసి డిస్కు పట్టారు. డిస్కు రాయి మీదుగా దొర్లిపోతుంది. కాకపోతే రాయి ఉన్నచోట లోతు దక్కదు, తెరిచిన సాలు సరిగ్గా మూసుకోదు. కళ్లూ ఊపిరితిత్తులూ తడిగా ఉంటాయి కనుక తప్పించుకున్న అమ్మోనియా వాటినే పట్టుకుంటుంది. కడుక్కోవడానికి ట్యాంకు మీద 5 గ్యాలన్ల నీళ్లు తప్పనిసరి అన్నది అందుకే.

తర్వాత జీపీఎస్ వచ్చింది, వాలుకు జారే నాగలిని పట్టీ మీద నిలిపింది. రాయికి మాత్రం అదేమీ చేయలేకపోయింది. రాళ్ల చేలల్లో కొందరు అమ్మోనియాకే స్వస్తి చెప్పి, యూరియా, అమ్మోనియం నైట్రేట్ కలిపిన ద్రవానికి మారారు. అందులో నత్రజని 28 నుంచి 32 శాతమే. ట్యాంకు ఎక్కువసార్లు నింపుకోవాలి, ఖర్చూ ఎక్కువే. కర్రు ఎగిరితే మాత్రం నేల మీద నాలుగు చుక్కలు పడతాయంతే.