హార్మోను ఒక్కదానితో పని జరగదు

మన సంఘంలో డాక్టర్లు చాలామందే ఉన్నారు. ఈ వ్యాసం వారికోసం కాదు. ఇంట్లో ఎవరికైనా రొమ్ము కేన్సరు అని తేలినప్పుడు, రిపోర్టులో "ఈస్ట్రొజెన్ రిసెప్టర్ పాజిటివ్" అన్న మాట చదివి, అదేమిటో అడగడానికి మొహమాటపడి ఊరుకునేవారికోసం రాస్తున్నాం. రొమ్ము కేన్సర్లలో ఇంచుమించు నాలుగింట మూడువంతులు ఈ రకానివే.

రిసెప్టర్‌ని ఇక్కడ గ్రాహకం అందాం. ఈస్ట్రొజెన్ రక్తంలో పడి ఒళ్ళంతా తిరుగుతుంది. అయినా దాని మాట గట్టిగా వినేవి గర్భాశయం, రొమ్ము వంటి కొన్ని అవయవాలే. 1950 దశకం చివర షికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్సెన్ రేడియోధార్మిక ఉదజనితో గుర్తుపెట్టిన ఈస్ట్రడయోల్‌ని ఆడ ఎలుకలకిచ్చి చూశాడు. రక్తంలోంచి త్వరగా పోయిన హార్మోను గర్భాశయంలో మాత్రం నిలిచిపోయింది. అంటే దాన్ని పట్టుకునేదేదో అక్కడ ఉందన్నమాట. అదే గ్రాహకం, అదీ ఒక ప్రోటీనే. హార్మోను వచ్చి తగులుకోగానే అది డి.ఎన్.ఏ. మీద తన స్థానంలో కూర్చుంటుంది, దగ్గరున్న జన్యువు పని మొదలుపెడుతుంది. చాలాకాలం పాఠ్యపుస్తకాలలో కథ ఇక్కడితో కంచికి వెళ్ళిపోయేది.

కాని 1989లో ఫ్రాన్సులో స్ట్రాస్‌బుర్గ్ నగరంలో పియేర్ షాంబాన్ బృందానికి ఒక వింత కనిపించింది. ఒక కణంలో ప్రొజెస్టిరోన్ గ్రాహకం చక్కగా పనిచేస్తోంది. అదే కణంలోకి ఈస్ట్రొజెన్ గ్రాహకాన్ని కూడా ఎక్కించి దాని హార్మోను ఇస్తే, మొదటిదాని పని మందగించింది. రెండింటి హార్మోనులు వేరు. మరి ఈ పోటీ దేనికోసం? ఊరికంతకీ ఒకటే సన్నాయిమేళం ఉండి, ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళు పడితే ఏమవుతుంది? ఒక పందిట్లో మేళం మోగుతుంది, రెండో పందిట్లో తాళి కట్టించడానికి తంటాలు పడతారు. అలాగే రెండు గ్రాహకాలకీ ఉమ్మడిగా కావలసిన సరుకేదో కణంలో కొద్దిగానే ఉండాలని వారు ఊహించారు.

ఆ మేళగాళ్ళలో ఒకరు 1995లో దొరికారు. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో బెర్ట్ ఓమాలీ, సోఫియా సాయ్, మింగ్-జెర్ సాయ్‌ల బృందం పట్టుకున్న ఆ ప్రోటీను పేరు ఎస్.ఆర్.సి.-1. కణానికి దీన్ని అదనంగా అందిస్తే పైన చెప్పిన పోటీ తగ్గింది! ఇటువంటివాటిని ఇంగ్లీషులో కోయాక్టివేటర్లు అంటారు. "సహోత్తేజకాలు" అనవచ్చు గాని నోరు తిరగడం కష్టం. తోడు ప్రోటీనులు అనుకుంటే మనకి చాలు.

ఇవి చేసేదేమిటి? మన ఒక్కొక్క కణంలో ఉన్న డి.ఎన్.ఏ. పోగుల్ని సాగదీసి కలిపితే సుమారు 2 మీటర్లు వస్తుంది. అది హిస్టోనులనే ప్రోటీనుల చుట్టూ, కండెకి దారంలా, బిగించి చుట్టుకుని ఉంటుంది. చుట్ట బిగువుగా ఉన్నంతసేపూ జన్యువుని చదివే యంత్రానికి చోటు దొరకదు. గ్రాహకం ఎస్.ఆర్.సి.-1ని పిలుస్తుంది, అది పి-300 అనే మరో ప్రోటీనుని వెంటబెట్టుకొస్తుంది. పి-300 హిస్టోనులకి ఎసిటైల్ ముక్కలు తగిలిస్తుంది. దాంతో హిస్టోనుల ధనవిద్యుదావేశం తగ్గి, ఋణావేశం ఉన్న డి.ఎన్.ఏ. మీద పట్టు సడలుతుంది. తరవాత మీడియేటర్ అనే 30 ప్రోటీనుల దాకా ఉండే పెద్ద గుంపు వచ్చి గ్రాహకానికీ, చదివే యంత్రానికీ మధ్య వంతెన కడుతుంది.

ఇప్పుడు మందు సంగతి. గ్రాహకంలో హార్మోను ఇమడగానే చివరి భాగం మూతలా ముడుచుకుంటుంది, దాని పక్కనే చిన్న గాడి ఏర్పడుతుంది. తోడు ప్రోటీను వచ్చి కూర్చునేది ఆ గాడిలోనే. హార్మోను బదులు టామాక్సిఫెన్ దూరితే, దాని పొడుగాటి తోక మూతని సరిగ్గా పడనివ్వదు. పక్కకి జరిగిన మూత పోయి ఆ గాడిలోనే పడుకుంటుంది. తోడు ప్రోటీనుకి వేసిన పీట మీద మరొకరు కూర్చున్నట్టే! 1977 నుంచి అమెరికాలో వాడుతున్న మందు ఇలా పనిచేస్తోందని కంటికి కట్టినట్టు తెలిసింది 1998లో.

అదే టామాక్సిఫెన్ గర్భాశయంలో మాత్రం కొంతవరకు ఈస్ట్రొజెన్‌లాగే ప్రవర్తిస్తుంది. ఆ కణాలలో ఎస్.ఆర్.సి.-1 సమృద్ధిగా ఉండడం దీనికొక కారణమని 2002లో బోస్టన్ శాస్త్రజ్ఞులు చూపించారు. ఈ మందు వేసుకుంటున్నవారు, ముట్లుడిగిన తరవాత మళ్ళీ రక్తం కనబడితే సిగ్గుపడి దాచకుండా వెంటనే డాక్టరుకి చెప్పాలి. మన ఆడవాళ్ళు చెప్పరు. అందుకే ఇంత వివరంగా రాశాం.

కొందరిలో ఈ మందు పారదు. ఎస్.ఆర్.సి.-1 కి తోబుట్టువు లాంటి ఎ.ఐ.బి.-1 జన్యువు రొమ్ము కేన్సర్లలో సుమారు నూటికి పదింటిలో అదనపు ప్రతులుగా పెరిగిపోయి ఉంటుందని 1997లో బయటపడింది. ఈ ప్రోటీనూ, హెర్-2 అనే మరో ప్రోటీనూ రెండూ ఎక్కువగా ఉన్నవారిలో టామాక్సిఫెన్ ఫలితం తక్కువని 2003లో తేలింది.

అయితే ఈ తోడు ప్రోటీనులనే మందుతో అణిచేస్తే పోలేదా? ఇందులో చిక్కు ఎక్కడుందో జెన్సెన్ పనిచేసిన షికాగోలోనే, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో, మన జనార్దనరెడ్డిగారి ప్రయోగాలు చూస్తే తెలుస్తుంది. కాలేయంలో కొవ్వుల సంగతి చూసే మరో గ్రాహకానికి తోడుండే ప్రోటీనుని ఆయన బృందం 1997లో కనిపెట్టింది. అది మీడియేటర్ గుంపులోదే, ఈస్ట్రొజెన్ గ్రాహకానికీ కావలసినదే. ఆ జన్యువుని తీసేస్తే చుంచెలుక పిల్లలు పుట్టకముందే తల్లి కడుపులో చనిపోయాయి. ఒక్క మేళం అన్ని పెళ్ళిళ్ళకీ తిరుగుతున్నప్పుడు ఒక పెళ్ళి ఆపడానికి మేళాన్నే ఊరినించి తరిమేయడం కుదరదు. కాబట్టి మందులు తయారుచేసేవారు ఇప్పటివరకు గ్రాహకం వెంటే పడ్డారు. గ్రాహకాన్నే కణంలో నాశనం చేయించే ఫుల్వెస్ట్రంట్ సూదిమందు 2002లో వచ్చింది. అదే పనిచేసే మాత్ర, ఎలసెస్ట్రంట్, ముదిరిన కేన్సరులో గ్రాహకపు జన్యువు మార్పు చెందినవారికోసం 2023 జనవరిలో అమెరికాలో అనుమతి పొందింది.