వంటింటి అరలకు ఎవరి కొలత?

ఇల్లు కట్టించువాని దృష్టి గోడలమీద నుండును. ఇంటిని నడుపు ఇల్లాలి దృష్టి గూళ్ళమీద నుండును. ఉప్పు ఎక్కడ, పప్పు ఎక్కడ, పండుగనాడు మాత్రమే దిగు ఇత్తడి గంగాళమెక్కడ అను ప్రశ్నలకు సమాధానము దొరకినగాని ఆమెకు అది ఇల్లు కాదు. అయినను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో నేడు లేచుచున్న కొత్త యిండ్లలో, వంటింటి అరలను నిర్ణయించువేళ ఆమెను అడుగుటయే మరచిపోవు సందర్భములు కలవు.

దీనికి దూరమొక కారణము. 1970వ దశాబ్దినుండి ఈ ప్రాంతపు పురుషులు వేల సంఖ్యలో దుబాయి, మస్కటు, కువైటు, సౌదీ అరేబియాలకు కూలికి పోవుచున్నారు. ఎడారి యెండలో కూడబెట్టిన సొమ్ముతో కోరుట్లవంటి ఊరిలో ముందుగా లేచునది ఇల్లు. యజమాని అక్కడ, మేస్త్రీ ఇక్కడ, నడుమ టెలిఫోను. ఒకనాడు ఆ టెలిఫోను తెరమీద వంటింటి బొమ్మ యొకటి వచ్చును: తళతళలాడు ఎఱ్ఱని తలుపులు, చప్పుడు లేక మూసికొను సొరుగులు, పైకప్పును తాకు అరలు. “గిట్లనే చెయ్యమని వడ్లాయనకు చెప్పు” అను మాటతో సంభాషణ ముగియును. రోజుకు మూడుమారులు అక్కడ నిలుచునది మాత్రము ఇవతల ‘ఊ’ కొట్టిన మనిషి.

ఆ బొమ్మకొక చరిత్ర ఉన్నది. 1926లో మార్గరెటె షూటె-లిహోట్స్కీ అను వాస్తుశిల్పి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున కొత్తగా కట్టుచున్న నివాసములకై ఒక వంటింటిని రూపొందించినారు. దాని వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. గృహిణి వేయు అడుగులను లెక్కించి, పనులకు పట్టు కాలమును కొలిచి, పొయ్యికి, తొట్టికి, పనిబల్లకు ఆమె చోట్లు నిర్ణయించినారు. బియ్యమునకు, పంచదారకు, పిండికి వేరువేరుగా పేరు వ్రాసిన అల్యూమినియపు సొరుగులను అమర్చినారు. ఆ వంటిల్లు సుమారు 10,000 నివాసములలో వెలసినది. నేటి అరల వంటిండ్లన్నియు దాని సంతతియే. అయితే అందు ఒక్కరికి మాత్రమే చోటు. అత్తాకోడండ్లు కలిసి పనిచేయుచు, ఒకరు నేలమీద కత్తిపీట వేసికొని కూర్చుండు మన వంటింటికి ఆ కొలతలు చాలవు. ఆమెనుండి మనము నేర్వవలసినది, కట్టుటకు ముందు కొలుచు అలవాటు.

మొదటి కొలత మోచేయి. పొయ్యిగట్టు మోచేతికంటె నాలుగు మొదలు ఆరు అంగుళములు దిగువన ఉండుట మేలు. ఐదడుగుల స్త్రీకి అది సుమారు 32 మొదలు 34 అంగుళములగును. పాశ్చాత్యుల వంటిండ్లలో వాడుకగా ఉన్న 36 అంగుళముల గట్టు ముందు ఆమె నిలిచినచో, భుజములెత్తి కలుపవలసివచ్చును. సాయంత్రమునకు మెడ నొప్పి తప్పదు. రెండవ కొలత చూపు. దినదినము తీయు డబ్బాలు నడుమునుండి కంటి ఎత్తువరకు గల అరలలోనే ఉండవలెను. బరువైనవి క్రిందను, ఏడాదికొకసారి దిగునవి పైనను ఉండవచ్చును. పైకప్పును తాకు అరలో కందిపప్పు పెట్టిన యింట, ముసలి అత్త స్టూలు ఎక్కవలసివచ్చును.

మూడవ కొలత సామాను. జగిత్యాల వరికి, పసుపుకు పేరుపడిన సీమ. ‘జగిత్యాల సన్నాలు’ అను వరివంగడము అక్కడి పరిశోధనా స్థానమునుండియే వచ్చినది. ఇట్టి చోట కుటుంబములు బియ్యము, కారము, పసుపు, మామిడికాయ తొక్కు ఏడాదికి సరిపడ నిలువచేసికొనును. అడుగు లోతుగల గోడ అరలో బియ్యపు బస్తా పట్టదు. తొక్కు జాడీ పట్టినను తలుపు మూతపడదు. కావున వడ్రంగిని పిలుచుటకు ముందు ఒకదినము వంటసామాను నంతయు పెద్ద గదిలో పరచవలెను. ఎత్తైన జాడీని, వెడల్పైన గంజును, పొడవైన గరిటెను టేపుతో కొలిచి వ్రాసికొనవలెను. పిదపనే అరల గీత గీయవలెను.

ఆ పరచిన సామానులో చేరని వస్తువొకటి ఉన్నది. అది కూరాడు. పసుపు కుంకుమలతో అలంకరించి, ఇంటి లక్ష్మిగా తెలంగాణా గృహములలో తరతరములుగా కాపాడుకొను కుండకు వంటింటనే చోటు. గోడలన్నియు పలకలతో కప్పివేసిన తరువాత “కూరాడెక్కడ పెట్టాలె?” అని ముసలమ్మ అడిగినచో, వడ్రంగి నివ్వెరపోవును. ఆ యొక్క గూటిని ముందుగానే విడిచినచో ఖర్చేమియు లేదు.

సిరిసిల్లలో సమస్య వేరు. మరమగ్గముల ఊరిలో నూలు ధూళి ఇండ్లలోనికి వచ్చి తెరచియున్న గూళ్ళలో పేరుకొనును. కావున తలుపు అక్కడ విలాసము కాదు, అవసరము. ఈ మూడు ఊళ్ళలోను అనేక స్త్రీలు బీడీలు చుట్టి సంసారమునకు ఆసరా ఇచ్చుచున్నారు. ఆకు, తంబాకు ఉంచు అర వంటింటి వెలుపలనే ఉండవలెను. తంబాకు పొడి తిండిసామానులో కలియరాదు. సొమ్ము తక్కువైనవారు కడప బండలతో అరలు నిలిపి, ముందు చట్రము, తలుపులు మాత్రము బిగించుకొనవచ్చును. బండకు చెదలు పట్టదు, నీరు సోకినను చెడదు. తొట్టి క్రింద మాత్రము ఐ.ఎస్. 710 ముద్రగల, నీటికి తట్టుకొను ప్లైవుడ్డు వాడుట మంచిది. రంపపు పొట్టును అదిమి చేసిన పలక చౌకయే గాని, తడిసినచో ఉబ్బును. గట్టుమీద పరచుటకు కరీంనగరు సీమ గోధుమవన్నె గ్రానైటు దగ్గరలోనే లభించును.

అందముకంటె ముందు చూడవలసినది ప్రాణరక్షణ. వంటవాయువు గాలికంటె బరువైనది. కారినచో పైకిపోక నేలమీదనే పేరుకొనును. గ్యాసుబండ నుంచు అర తలుపునకు అడుగుభాగమున గాలి పోవు రంధ్రములు ఉండవలెను. బండ నిలువుగా ఉండవలెను. పొయ్యి దానికంటె ఎత్తున ఉండవలెను. బొమ్మలోని తలుపు నున్నగా ఉన్నదని రంధ్రములు మానుట అపాయకరము.

ఏండ్లకొకసారి సెలవుపై వచ్చు యజమాని కొత్త వంటింటిని చూచి మురిసిపోవును. నెల రెండు నెలలకు తిరిగి విమానమెక్కును. అరలు మాత్రము ఇరువదియేండ్లు ఇల్లాలి చేతి క్రింద ఉండును. అందుచేత టెలిఫోనులో బొమ్మ పంపుటకు ముందు అతడు అడుగవలసిన మాట యొకటి కలదు: “నీ చెయ్యి ఎంతవరకు అందుతదో కొలిచి చెప్పు.”