పేటలో ఇల్లు అమ్మే ముందు

"చదువుకున్నోళ్లు కదా, ఈ ఇల్లు అమ్ముకోవచ్చా బాబూ?" మునగపాక వైపు దళిత పేటల్లో తిరిగేటప్పుడు మమ్మల్ని ఈ మాట అడుగుతుంటారు. అవును, కాదు అని ఒక్క ముక్కలో తేల్చే ప్రశ్న కాదిది.

మునగపాకకు ఒకవైపు అనకాపల్లి బెల్లం మార్కెట్టు, మరోవైపు అచ్యుతాపురం ఎస్‌ఈజెడ్. పరిశ్రమలు వచ్చాక చుట్టుపక్కల స్థలాలకు గిరాకీ పెరిగింది. అయితే పేటలో ఇల్లు అమ్మేది సాధారణంగా ధర పెరిగిందని కాదు. ఆసుపత్రి ఖర్చు, కూతురి పెళ్లి, తీరని అప్పు అమ్మిస్తాయి. అవసరం మనది, కాగితం సరిగా లేదు అంటే ధర కొనేవాడే చెబుతాడు.

అందుకే ముందు చూడాల్సింది స్థలం ఏ రకమో. తాతల నాటి గ్రామకంఠమా, డబ్బిచ్చి కొన్న జిరాయితీయా, ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టానా? ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు మనం అక్కడ ఉంటున్నామని చెబుతాయి గానీ, హక్కు మనదని చెప్పవు.

డి-పట్టా అయితే 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వర్తిస్తుంది. పేదవాడి భూమిని ఉన్నవాడు కాజేయకుండా తెచ్చిన చట్టం అది. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల స్థలాల విషయంలో 2019 సవరణ 20 ఏళ్ల తర్వాత అమ్ముకునే వీలిచ్చింది. 2021లో ఆ గడువును 10 ఏళ్లకు తగ్గించారు. గడువు దాటినా సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. కాబట్టి బయానా తీసుకోకముందే తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా అడగాలి, అర్జీకి రసీదు తీసుకోవాలి.

"ఇవన్నీ ఎందుకు, నోటరీ చేయిద్దాం" అనే మధ్యవర్తులుంటారు. తెల్ల కాగితం మీదా, నోటరీ మీదా యాజమాన్యం మారదు. ఆ వంకతోనే ధర తగ్గిస్తారు. చట్టానికి విరుద్ధంగా చేతులు మారిన అసైన్డ్ స్థలాన్ని స్వాధీనం చేసుకుని, మొదటిసారి అసలు పట్టాదారుకో వారసులకో తిరిగి ఇచ్చే నిబంధన 1977 చట్టంలోనే ఉంది. ఇప్పటికే అలా పోగొట్టుకున్నవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

తర్వాత సంతకాలు. పట్టా అమ్మ పేరున ఉండి, ఆమె వీలునామా రాయకుండా చనిపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో పాటు కూతుళ్లకూ సమాన వాటా. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 చట్టమూ కొడుకు, కూతురు అని తేడా చూపదు. "ఆడపిల్లకు పెళ్లప్పుడే ఇచ్చేశాం" అంటే చట్టం ముందు చెల్లదు. అప్పచెల్లెళ్లను పిలిచి మాట్లాడాకే బేరానికి వెళ్లాలి. మొత్తం సొమ్ము బ్యాంకు ఖాతాలో పడేదాకా తాళం ఇవ్వకూడదు. ప్రభుత్వ ఇంటి స్థలం ఒకసారి పొందిన కుటుంబానికి మళ్లీ ఇవ్వరన్నదీ గుర్తుంచుకోవాలి.

ఇక లెక్కలకు అందనిది. కూలికి వెళ్లొచ్చి రాత్రిపూట అమ్మానాన్నలు ఇటుకలు మోసి కట్టుకున్న గోడలవి. పట్నంలో అద్దెకు వెళితే ఇంటివాళ్లు ముందు కులం అడుగుతారు. పేటలో మన గుమ్మం దగ్గర ఆ ప్రశ్న లేదు. ఇల్లు అమ్మడమంటే ఆ నిబ్బరాన్నీ వదులుకోవడమే. అందుకే అమ్మేవాళ్లు కొన్నాళ్లు నిద్రపోరు. దాన్ని బలహీనత అనుకోవద్దు.

అలాగని అమ్మడం తప్పూ కాదు. అంబేడ్కర్ బొంబాయి దాదర్‌లో రెండు ఇళ్లు కట్టించారు. అద్దెల కోసం కట్టించిన 'చార్ మినార్'ను 1941లో అమ్మేశారు. తానుంటూ పుస్తకాలు దాచుకున్న 'రాజగృహ'ను మాత్రం నిలుపుకున్నారు. ఏది అమ్మాలో, ఏది ఉంచుకోవాలో ఆయనే నిర్ణయించుకున్నారు. పేటలో చాలామందికి ఒక్క ఇల్లే ఉంటుంది. నిర్ణయం మాత్రం వాళ్లదే కావాలి. అప్పిచ్చినవాడిదో, మధ్యవర్తిదో కాకూడదు.

విద్యార్థులకు ఒక మాట. ఈసారి సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఇనప్పెట్టెలోని పట్టా బయటకు తీసి, ఎవరి పేరు, ఏ సంవత్సరం, ఏ సర్వే నంబరు అన్నది ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. అమ్మే అవసరం రాకముందే ఆ పని జరగాలి.