కడలిలో గాలిమరలు, అడుగున కదిలే నేల

రాయచూరు జిల్లాకు కృష్ణా, తుంగభద్రలే తప్ప సముద్రం లేదు. అయినా 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ 765 కిలోవోల్టుల లైను దక్షిణాది గ్రిడ్‌ను దేశంలోని మిగతా గ్రిడ్‌తో కలిపినప్పటి నుంచి, గుజరాత్ తీరాన పుట్టే కరెంటు మంచిచెడ్డలు ఈ జిల్లాకు పరాయివి కావు. ఆ తీరానా, తమిళనాడు తీరానా చెరి 500 మెగావాట్ల గాలిమరలను సముద్రంలోనే నిలబెట్టేందుకు 7,453 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 జూన్‌లో ఆమోదించింది. గాలినీ అలలనూ తట్టుకునే గాలిమరలు కట్టడంలో ఐరోపాకు మూడు దశాబ్దాలకు పైబడిన అనుభవం ఉన్నా, ఉత్తర సముద్రంలో భూకంపాల బెడద తక్కువ కనుక ఆ అనుభవం ఇక్కడికి పూర్తిగా సరిపోదు.

కట్టడాల భూకంప రక్షణకు సంబంధించిన 2016 నాటి ఐఎస్ 1893 ప్రమాణంలో రాయచూరు అతి తక్కువ ముప్పున్న రెండో మండలంలో, గుజరాత్ తీరాన ఖంభాత్ సింధుశాఖ వద్దనున్న పీపావావ్ మూడో మండలంలో పడతాయి. కట్టడం ఎంత కుదుపుకు సిద్ధపడాలో లెక్కగట్టడానికి ఆధారమైన మండల గుణకం రాయచూరుకు 0.10, పీపావావ్‌కు 0.16. అంతకంటే పెద్ద తేడా నేలలో ఉంది: రాయచూరు కోట గట్టి రాతిగుట్టల మీద నిలిస్తే, ఖంభాత్ అడుగున నర్మద, తపతి, మహి, సబర్మతి నదులు మోసుకొచ్చిన ఒండ్రు పేరుకుంది. ఈ మండలాల పటాన్ని మరీ నమ్ముకోవడమూ తగదు. 1993 సెప్టెంబరు 30న వేలాది మందిని బలిగొన్న కిల్లారి భూకంపం, ఆనాటి పటంలో అన్నిటికంటే నిశ్చింతగా ఉండదగిన మొదటి మండలంలోనే వచ్చింది. 2002లో ఆ మండలాన్నే తీసేశారు.

గాలిమర సన్నగా పొడవుగా ఉండి, వందల టన్నుల యంత్రభారాన్ని నెత్తిన మోస్తుంది కనుక ఒకసారి ఊగి తిరిగి రావడానికి దానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది; భూకంపపు కుదుపులో బలమంతా చాలావరకు సెకనులోపు ఊపుల్లో ఉంటుంది కాబట్టి ఆ మేరకు ప్రమాదం తగ్గినట్టే. అయితే స్తంభం మధ్యలో మెలికపడేలా ఊగే రెండో తరహా కంపనం ఆ వేగవంతమైన కుదుపులకు అందుతుంది, ఊపును తనంతట తాను అణచుకునే గుణం ఉక్కు స్తంభానికి బహు తక్కువ. రెక్కలు తిరుగుతున్నప్పుడు గాలే కొంత అణుస్తుంది. కుదుపు మొదలవగానే యంత్రం ఉన్నపళంగా ఆగితే ఆ సాయం తగ్గడమే కాక, ఆగిన అదురు కూడా కంపనానికి తోడవుతుంది. భూకంపం, ఆగడం తెచ్చే ఈ రెండు భారాలూ ఒక్కసారే పడతాయని లెక్క వేయడం అందుకే.

అసలు చిక్కు పునాదిది. కృష్ణ ఒడ్డున తడి ఇసుకను కాలితో పదేపదే తొక్కితే నీరు పైకి ఊరి ఇసుక మెత్తబడినట్టే, భూకంపం కుదిపినప్పుడు నీటితో నిండిన వదులు ఇసుక రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి, రేణువులు ఒకదానినొకటి ఆనుకోవడం మాని, నేల కాసేపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. దీనినే ద్రవీకరణ అంటారు. 2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపంలో కాండ్లా రేవులోని 22 మీటర్ల కార్యాలయ భవనం, నేలలోకి 18 మీటర్ల లోతున దించిన పైల్స్ మీద నిలిచినదే అయినా, కింది ఇసుక పొర ఇలా ద్రవించడం వల్ల పక్కకు ఒరిగిపోయింది. గాలిమరకు ఒరగకపోయినా ముప్పు తప్పదు: నేల పట్టు సడలితే స్తంభపు ఊపు నెమ్మదించి రెక్కల భ్రమణ వేగానికి దగ్గరవుతుంది, అప్పుడు భూకంపం ఆగిపోయాక కూడా యంత్రం తనను తానే కుదుపుకుంటుంది.

అందుకే మోనోపైల్ అనే ఒంటి ఉక్కు గొట్టాన్ని ద్రవించే పొరలు దాటి గట్టి పొరలోకి దించుతారు, లేదా నాలుగు కాళ్ల జాకెట్ చట్రాన్ని ఎంచుకుంటారు. జపాన్‌లోని కమిసు తీరానికి ఆనుకున్న నీటిలో 2010లో నిలిపిన ఏడు టర్బైన్లు మరుసటి ఏటి మహాభూకంపానికీ సునామీకీ పడిపోకుండా నిలిచాయి. కానీ కమిసు నేల వేరు, ఖంభాత్ ఒండ్రు వేరు. ప్రతి స్తంభం నిలిచే చోటా విడిగా బోరు వేసి, మట్టి నమూనాను ప్రయోగశాలలో కుదిపి చూడనిదే పైల్ పొడవు తేల్చలేరు.