మాటకో దారి, మూటకో దారి

1971 ఏప్రిల్ 16న అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుంచి ఆర్‌ఎఫ్‌సీ 114 అనే చిన్న పత్రం వెలువడింది. రాసినవాడు అభయ్ భూషణ్. అలహాబాదులో పుట్టి, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో ఇంజనీరింగ్ చదివి, పైచదువుకి అమెరికా వెళ్ళిన యువకుడు. ఒక కంప్యూటర్లోని ఫైలుని మరో కంప్యూటర్‌కి ఎలా పంపాలి, అక్కణ్ణించి ఎలా తెచ్చుకోవాలి అన్నదే ఆ పత్రంలోని విషయం. ఫైళ్ళు చేరవేసే పద్ధతి అయిన ఎఫ్‌టీపీ పుట్టింది అక్కడే. ఇవాళ మనం వెబ్ హోస్టింగ్ ఖాతా కొంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పాటు చాలాచోట్ల ఒక ఎఫ్‌టీపీ చిరునామా కూడా ఇస్తారు. వెబ్‌సైట్లనేవే లేని రోజుల్లో పుట్టిన పద్ధతి వెబ్‌సైట్లకి సరుకు చేరవేస్తూ ఇన్నేళ్ళు బతికింది.

భూషణ్ ముందున్న చిక్కు పెద్ద ఫైళ్ళు కాదు. ఇంటర్నెట్‌కి ముందుతరమైన ఆర్పానెట్‌లో తొలి సందేశం వెళ్ళి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. దానికి తగిలించిన యంత్రాలు ఒకదానికొకటి పొసగవు. పీడీపీ-10 మెమరీలో ఒక్కో గడికి 36 బిట్లు. ఐబీఎం 360ది 8 బిట్ల బైట్ల లెక్క, పైగా అక్షరాలకి అది వాడే సంకేతాలు వేరు. అందుకే పంపబోయేది అక్షరాలా, ముడి బిట్లా అన్నది ఎఫ్‌టీపీలో ముందే తేల్చాలి. అక్షరాలైతే అవతలి యంత్రం పద్ధతికి మార్చి పెడుతుంది, బిట్లైతే ఉన్నవి ఉన్నట్టు దింపుతుంది. ఈ ఏర్పాటు తర్వాతి తరాలని బాగా ఏడిపించింది. ఫొటోని పొరపాటున అక్షరాల పద్ధతిలో పంపితే, వరుస ముగింపు గుర్తులాగా కనిపించిన ప్రతిచోటా ఇంకో బైటు వచ్చి చేరేది. ఫైలు చేరేది, బొమ్మ మాత్రం తెరుచుకునేది కాదు.

1972 జులైలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 354 నాటికి ఎఫ్‌టీపీకి దాని అసలు రూపం వచ్చింది. మాటలకి ఒక దారి, మూటలకి ఇంకో దారి. "నేను ఫలానా", "ఈ ఫోల్డరులోకి వెళ్ళు", "ఈ ఫైలు తీసుకో" వంటి ఆజ్ఞలూ వాటికి జవాబులూ ఒక కనెక్షన్‌లో నడుస్తాయి. ఫైలు మాత్రం విడిగా తెరిచిన రెండో కనెక్షన్‌లో వెళుతుంది. మూట మోస్తుండగానే మాట్లాడొచ్చు, వద్దంటే మధ్యలో ఆపించొచ్చు. నన్నడిగితే ఇది గొప్ప ఆలోచన. అదే ఏడాది ఈమెయిలు కూడా దీని భుజమే ఎక్కింది. 1982లో ఈమెయిలు కోసమే రాసిన ఎస్‌ఎంటీపీ వచ్చేదాకా ఉత్తరాలు మోయడానికీ ఎఫ్‌టీపీ ఆజ్ఞలే వాడారు. 1985 అక్టోబరులో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 959తో పద్ధతి స్థిరపడింది.

అయితే ఆ నిర్మాణం వెనక రెండు నమ్మకాలున్నాయి. నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే అన్నది మొదటిది. అందుకే పాస్‌వర్డ్ దాపరికం లేకుండా తీగ మీద వెళ్ళేది. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులు పట్టుకుంటే, అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ రహస్య సంకేతాలతో మాట్లాడే ఎస్‌ఎస్‌హెచ్ తయారుచేశాడు. ఎఫ్‌టీపీది 21వ పోర్టు, దూరంగా ఉన్న కంప్యూటర్లోకి లాగిన్ అవడానికి వాడే టెల్నెట్‌ది 23. మధ్యలో ఖాళీగా ఉన్న 22ని అడిగి పుచ్చుకున్నాడు. ఇవాళ హోస్టింగ్ ఖాతాల్లో కనిపించే ఎస్‌ఎఫ్‌టీపీ ఈ ఎస్‌ఎస్‌హెచ్ సంతానం. పేరులో పోలిక ఉన్నా ఎఫ్‌టీపీతో దానికి రక్తసంబంధం లేదు.

రెండో నమ్మకం, కనెక్షన్ మధ్యలో తెగదని. పెద్ద ఫైలు పంపేవాళ్ళని ముంచేది ఇదే. మామూలుగా వాడే పద్ధతిలో ఫైలు అయిపోయిందని చెప్పడానికి ఎఫ్‌టీపీ చేసేదల్లా మూటల కనెక్షన్‌ని మూసెయ్యడం. కరెంటు పోయి కనెక్షన్ తెగినా అవతలి సర్వర్‌కి మూసుకున్నట్టే అనిపించవచ్చు. సగం ఫైలు పూర్తి ఫైలులా కూర్చుంటుంది. దీనికి తోడు సంస్థల నెట్‌వర్క్‌లకి కాపలాగా ఫైర్‌వాల్‌లు, తర్వాత ఇళ్ళల్లోకి రౌటర్లు వచ్చాయి. పాత పద్ధతిలో మూటల కనెక్షన్ తెరవాల్సింది సర్వర్. బయటినుంచి తలుపు తట్టేవాళ్ళని ఇవి రానివ్వవు. అందుకని రెండో కనెక్షన్ కూడా మనవైపునుంచే తెరిచే పాసివ్ పద్ధతిని వాడమని ఫైర్‌వాల్‌ల కాలంలోనే, 1994లో, భద్రతా పరిశోధకుడు స్టీవ్ బెలోవిన్ సూచించాడు. అయినా ఇంకో చిక్కు మిగిలింది. మూట గంటల తరబడి సాగుతుంటే మాటల దారి నిశ్శబ్దంగా ఉంటుంది. అక్కడ ఎవరూ లేరనుకుని కొన్ని రౌటర్లు దాన్ని తెంపేస్తాయి. ఆఖరి బైటు చేరినా, "చేరింది" అని చెప్పే 226 జవాబు రాదు.

గంటలంటే అతిశయోక్తి కాదు. సెకనుకి 1 మెగాబిట్ పైకి పంపగల ఏడీఎస్‌ఎల్ లైను మీద 2 గిగాబైట్ల పెళ్ళి వీడియోకి నాలుగున్నర గంటలు పడుతుంది. ఆ లైన్లలో ఎక్కువ వాటా కిందికి దించుకోవడానికే కేటాయించారు. ఇళ్ళల్లోవాళ్ళు చదువుతారు, చూస్తారు తప్ప పెద్దగా పంపరని లెక్కగట్టారు మరి. పంపేవాళ్ళకి ఇది అన్యాయమే.

బ్రౌజరులోంచే ఫైలు పంపే ఫారం 1995 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 1867గా వచ్చింది. తేలిక, కానీ పెద్ద ఫైళ్ళకి పనికిరాదు. హోస్టింగ్‌లో ఎక్కువగా నడిచే పీహెచ్‌పీలో, ఎవరూ మార్చకపోతే, ఒక్కో ఫైలుకి హద్దు 2 మెగాబైట్లు, మొత్తం ఫారానికి 8. ఈ 8 దాటితే పీహెచ్‌పీ ఫారం మొత్తాన్నీ ఖాళీ చేసి ప్రోగ్రాముకి అందిస్తుంది. ఫారం నింపినవాళ్ళకి తాము ఏమీ పంపనట్టు కనిపిస్తుంది. ఒకే సర్వరుని వందలమంది పంచుకునేచోట హద్దు ఉండాల్సిందే. కానీ ఆ హద్దుని ముందే చెప్పని ఫారం జనం సమయాన్ని తినేస్తుంది.

తీగ తెగుతుందని ఒప్పుకున్నాకే దారి దొరికింది. ఆగినచోటినుంచి కొనసాగించే రెస్ట్ ఆజ్ఞ ఎఫ్‌టీపీలో మొదట మామూలు పద్ధతికి వర్తించలేదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమంతట తామే వాడుకలోకి తెచ్చారు, 2007లో ఆర్‌ఎఫ్‌సీ 3659 దానికి ప్రమాణం రాసింది. అంతకంటే లోతైన ఆలోచన 1996లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పుట్టింది. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెర్రాస్ తయారుచేసిన ఆర్‌సింక్‌లో అవతలి యంత్రం తన దగ్గరున్న పాత ఫైలుని ముక్కలు చేసి, ముక్కకొక చిన్న గుర్తు లెక్కించి పంపుతుంది. ఇవతలిది కొత్త ఫైలు మీద ఒక్కో బైటే జరుగుతూ ఆ గుర్తుల కోసం వెతుకుతుంది. జరిగిన ప్రతిసారీ మొత్తం మళ్ళీ కూడక్కర్లేదు. వదిలిన బైటుని తీసేసి, కొత్తగా వచ్చినదాన్ని కలిపితే చాలు. లెక్క అంత చవక కాబట్టే పద్ధతి పనిచేస్తుంది. సరిపోయిన ముక్కల్ని వదిలేసి, తేడా ఉన్నవాటినే పంపుతుంది.

ఆ తర్వాత ముక్కలే రాజ్యమేలాయి. 2010లో అమెజాన్ వారి ఫైళ్ళ గిడ్డంగి ఎస్3 పెద్ద ఫైలుని గరిష్ఠంగా 10,000 భాగాలుగా పంపే వీలు కల్పించింది. భాగాలు ఏ వరుసలోనైనా, ఒకేసారి అనేకమైనా వెళ్ళొచ్చు. చెడిన భాగాన్నే మళ్ళీ పంపితే సరిపోతుంది. 2013లో మొదలైన టస్ పద్ధతిలో కనెక్షన్ తెగితే బ్రౌజరు ముందు "ఎంతవరకు చేరింది?" అని అడిగి, ఆ బైటునుంచి అందుకుంటుంది. 2021లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ ఎఫ్‌టీపీకి తలుపులు మూసేశాయి. హోస్టింగ్ ఖాతాల్లో మాత్రం అది ఇంకా పనిచేస్తోంది.

మీ హోస్టింగ్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి ఆజ్ఞలు నడపనిస్తే పెద్ద ఫైలుని ఆర్‌సింక్‌తోనే పంపండి. పార్షియల్ అనే ఆప్షన్ పెడితే తెగినా చేరినంతవరకు ఉంచుతుంది. ఫైళ్ళ బదిలీకి మాత్రమే అనుమతిస్తే కొనసాగింపు ఉన్న ఎస్‌ఎఫ్‌టీపీ ప్రోగ్రాము వాడండి. వేల చిన్న ఫైళ్ళుంటే ఒక జిప్‌గా కట్టి పంపి, అక్కడ విప్పుకోండి. మీ దగ్గరున్న అసలు ఫైలుని చెరిపేముందు రెండువైపులా షా-256 అనే పద్ధతిలో ఫైలు గుర్తుసంఖ్యని లెక్కించి పోల్చండి. ఫైలులో ఒక్క బిట్టు మారినా రెండు సంఖ్యలూ ఒకటి కావు.