వార్తల్లో పదం: వీమిన్ షిఫ్ట్

ప్రాసెసర్ తడబడకుండా నడవడానికి కావలసిన కనీస వోల్టేజీ వాడకంలో పెరిగిపోవడమే 'వీమిన్ షిఫ్ట్'. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అకారణంగా క్రాష్ అవుతుండటంతో 2024లో ఈ మాట వార్తలకెక్కింది.

అధిక వోల్టేజీ, వేడి వల్ల చిప్‌లోని క్లాక్ సర్క్యూట్ క్షీణిస్తుంది. నిన్నటిదాకా సరిపోయిన వోల్టేజీ ఇక చాలదు. గేమ్ మధ్యలో ఆగిపోతుంది, నీలి తెర వస్తుంది. 'వీడియో మెమరీ చాలదు' అనే సందేశం గ్రాఫిక్స్ కార్డు మీదికి అనుమానం మళ్లిస్తుంది.

విశాఖలో విడిభాగాలు కొని డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకున్నవారు ముందు ప్రాసెసర్ మోడల్ చూసుకోవాలి. మదర్‌బోర్డు కంపెనీ ఇచ్చే కొత్త బయోస్‌తో సవరించిన మైక్రోకోడ్ వస్తుంది. అది ముందుజాగ్రత్తే, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయదు, మార్చుకోవాల్సిందే. సమస్య ఉన్న మోడళ్లలో బాక్సుతో అమ్మిన ప్రాసెసర్లకు ఇంటెల్ వారంటీని మరో 2 ఏళ్లు పొడిగించింది కాబట్టి బిల్లు పారేయొద్దు.