పాత కారు ఇంజను: చప్పుళ్ళు, వాని కారణములు

పాత కారు గలవారికి ఏదో ఒకనాడు ఇంజనులో ఒక కొత్త చప్పుడు వినబడక మానదు. నిన్నటివరకు లేనిది నేడు వచ్చినది. రేపటికి హెచ్చునో, దానంతట అదియే పోవునో తెలియదు. అప్పుడు కొందరు భయపడి, ఇంజను మొత్తము విప్పింపవలసినదేనని నిశ్చయించుకొని వేలకొలది రూపాయలు వ్యయము చేయుదురు. మరికొందరు కారులోని రేడియో ధ్వనిని కొంచెము హెచ్చించి ముందుకు సాగిపోవుదురు. రేడియో పత్రికలో వ్రాయుచున్నను ఈ రెండవ మార్గమును మేము సమర్థింపజాలము. చప్పుడును భయపడక, ఉపేక్షింపక, క్రమముగా పరీక్షించినచో పెక్కుసారులు కారణము తేలును. ఆ పరీక్షావిధానమును ఇక్కడ వివరింతుము.

ఉదాహరణకు మనకందరకు పరిచయమైన అంబాసిడరు కారును తీసికొందము. కోల్‌కతా సమీపమున ఉత్తరపారాలోని కర్మాగారములో 1950ల చివరినుండి 2014 మే నెలవరకు ఇది తయారైనది. అధికారుల కారుగా, టాక్సీగా, పెండ్లివారి బండిగా తెలుగునాట ఇది తిరుగని పట్టణము లేదు. తయారీ నిలిచినను నేటికిని దీనిని శ్రద్ధతో కాపాడుకొనువారు కలరు. ఈ కారులో బహుకాలము వాడిన పెట్రోలు ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారు రూపొందించినది. దానికి నాలుగు సిలిండర్లు, 1489 ఘన సెంటీమీటర్ల పరిమాణము. వాల్వులు పైన ఉండును. వానిని కదల్చు కామ్ షాఫ్టు క్రింద ప్రక్కగా ఉండి, పుష్ రాడ్ల ద్వారా, రాకర్ల ద్వారా పని చేయించును.

చప్పుళ్ళను పోల్చుకొనుటకు ఒక చిన్న లెక్క ఉపయోగపడును. క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగులోపల కామ్ షాఫ్టు ఒక్క చుట్టే తిరుగును. కారు నిలిచియున్నప్పుడు ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అప్పుడు ఒక్కొక్క వాల్వు నిమిషమునకు 400 మార్లు మాత్రమే తెరచుకొని మూసికొనును. కనుక వాల్వు చప్పుడు ఇంజను వేగములో సగము వేగముతో వినబడును. క్రాంకు షాఫ్టు కొన వదులైన పుల్లీవంటిది చుట్టు చుట్టుకును చప్పుడు చేయగలదు. చెవి అలవాటుపడిన పిదప ఈ భేదము సులభముగా తెలియును.

చప్పుడు వినగానే నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. అది ఎక్కడనుండి వచ్చుచున్నది? ఇంజను చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన పిదపనా? వేగముతోపాటు అదియు హెచ్చుచున్నదా? ఇంజనుపై బరువు పడినప్పుడా, యాక్సిలరేటరు వదలినప్పుడా? ఈ నాలుగింటికి సమాధానము చెప్పగల యజమాని మెకానిక్కు పనిలో సగము తానే చేసినవాడగును.

స్థానము కనుగొనుటకు ఖరీదైన పరికరము అక్కరలేదు. 1816లో లేనెక్ అను ఫ్రెంచి వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి, రోగి రొమ్మునకు ఆనించి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపునకు అదియే ఆరంభము. మన మెకానిక్కులు అదే పనిని పొడుగుపాటి స్క్రూడ్రైవరుతో చేయుదురు. దాని మొనను ఇంజనుపై ఒక్కొక్కచోట ఆనించి, పిడిని చెవికి చేర్చి వినినచో, ఏచోట చప్పుడు మిక్కిలి స్పష్టమో అచ్చటనే దాని మూలము ఉండును. ఈ పనికి ముందు హ్యాండు బ్రేకు వేసి, గేరు న్యూట్రలులో ఉంచవలెను. పైట, పంచె చెంగు, వ్రేలాడు చేతులు ఫ్యాను దగ్గరకు పోనీయరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషము.

ఇక పైభాగమునుండి ఆరంభింతము. రాకర్ల మూత క్రింద, కుట్టుమిషను నడచినట్లు తేలికగా 'టకటక' మనునది టాపెట్ల చప్పుడు. రాకరునకు వాల్వు కొనకు నడుమ ఉండవలసిన సందు హెచ్చుటయే కారణము. ఆ సందు మిల్లీమీటరులో సగము కూడ ఉండదు. తయారీదారుల పుస్తకములో చెప్పిన కొలతకు ఫీలర్ గేజితో దానిని సరిచేయవచ్చును. సరిచేసినను చప్పుడు పోనిచో రాకరు షాఫ్టు అరిగియుండును, లేదా రాకరు ముఖమున గుంట పడియుండును. గుంట పడినచోట గేజి బద్ద దానిపై వంతెనవలె నిలిచి తప్పు కొలత చూపును. ఎగ్జాస్టు మానిఫోల్డు గాస్కెట్టు పోయినప్పుడు వచ్చు 'ఫట్ ఫట్' ధ్వని కూడ టాపెట్లదివలెనే తోచును. కాని అది ఉదయమున చల్లని ఇంజనులో హెచ్చుగా ఉండి, లోహము వేడెక్కి వ్యాకోచించిన కొలది తగ్గును. గాస్కెట్టు అంచున మసి మరక కనబడును.

ఈ సందర్భమున ఒక విచిత్రమును గమనింపవలెను. చప్పుడు లేకపోవుట కూడ కొన్నిమార్లు రోగలక్షణమే. పూర్వము పెట్రోలులో కలుపుచుండిన సీసపు సమ్మేళనము వాల్వు కూర్చుండు గట్టుపై పలుచని పూతగా ఏర్పడి అరుగుదలను ఆపుచుండెను. 2000 ఫిబ్రవరినుండి మన దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. గాలికి, ఆరోగ్యమునకు ఇది ఎంతో మేలు చేసినది. కాని గట్టిపరచని ఇనుప గట్లు గల పాత ఇంజనులను దూరప్రయాణములలో వేగముగా నడపినప్పుడు ఎగ్జాస్టు వాల్వు గట్టు అరిగి, వాల్వు లోనికి దిగును. అప్పుడు టాపెట్ సందు మూసికొనిపోవును. టాపెట్లు ఎంత నెమ్మదిగా ఉన్నవోయని యజమాని సంతోషించుచుండగా వాల్వు పూర్తిగా మూసికొనక కాలిపోవును. కనుక చప్పుడు లేకున్నను సందును అప్పుడప్పుడు కొలిపించుచుండవలెను. సందు మాటిమాటికి తగ్గుచున్నచో హెడ్డునకు గట్టి లోహపు గట్లు వేయించుట శాశ్వతమైన చికిత్స.

ఇంజను ముందుభాగమున కీచుమనునది సాధారణముగా ఫ్యాను బెల్టు. గరగరలాడునది నీటిపంపు బేరింగో, డైనమో బేరింగో కావచ్చును. బెల్టు తీసి ఒక్క నిమిషము మాత్రము ఇంజను నడిపి చూడవలెను. పంపు తిరుగదు గనుక అంతకు మించి నడుపరాదు. చప్పుడు మాయమైనచో ఇంజను లోపలిభాగము నిర్దోషి.

ఎక్కుడుదారిలో టాపు గేరున యాక్సిలరేటరు అదిమినప్పుడు, రేకుడబ్బాలో గోళీలు ఆడించినట్లు వినబడునది వేరొక జాతి చప్పుడు. ఇది భాగములు ఒకదానికొకటి తగులుటవలన కలుగునది కాదు. సిలిండరులో మంట క్రమముగా వ్యాపింపక, మిగిలిన వాయువు ఒక్కమారుగా పేలుటవలన కలుగును. నిప్పురవ్వ మరీ ముందుగా పడుట, లోపల బొగ్గు పేరుకొనుట, ఇంజను అతిగా వేడెక్కుట దీనికి హేతువులు. వెంటనే క్రింది గేరు వేయవలెను. తరువాత డిస్ట్రిబ్యూటరు టైమింగు సరిచూపింపవలెను. ఉపేక్షించినచో పిస్టను పైభాగము కరగి రంధ్రము పడవచ్చును.

ఇప్పుడు క్రిందిభాగము. చల్లని ఇంజనులో మందముగా వినబడి, వేడెక్కినకొద్ది తగ్గిపోవునది పిస్టను సిలిండరు గోడను కొట్టు చప్పుడు. అల్యూమినియపు పిస్టను వేడికి పెరిగి సందు నింపుటచే అది తగ్గును. దీనితోపాటు నీలిపొగ, ఆయిలు ఖర్చు ఉన్నచో, మన మెకానిక్కులు చెప్పునట్లు, ఇంజను బోరుకు వచ్చినదన్నమాట. ఇది తొందరపెట్టు వ్యాధి కాదు.

తొందరపెట్టునది కనెక్టింగు రాడ్డు పెద్దకొనలోని బేరింగు చప్పుడు. వేడెక్కిన ఇంజనులో యాక్సిలరేటరు త్రొక్కినప్పుడు సుత్తితో కొట్టినట్లు 'ఠక్ ఠక్' మనును. కాలు తీసిన మెత్తబడును. ఆయిలు ఒత్తిడి కూడ తగ్గును. ఏ సిలిండరుదో తెలిసికొనుటకు ఒక్కొక్క ప్లగ్గునకు క్షణకాలము విద్యుత్తు అందకుండ చేసి చూతురు. దోషము గల సిలిండరు వంతు వచ్చినప్పుడు చప్పుడు తగ్గును. ఎలక్ట్రానిక్ ఇగ్నిషను గల నేటి కార్లకు ఈ పరీక్ష తగదు. చప్పుడు ఇంకను లోతుగా, బరువుగా ఉండి, ఒక్క ప్లగ్గు ఆపినను అంతగా మారనిచో క్రాంకు షాఫ్టును మోయు మెయిన్ బేరింగులను శంకింపవలెను.

ఇది మేము అనుభవించి నేర్చుకొన్న పాఠము. కొన్నియేండ్ల క్రిందట మా అంబాసిడరులో వృద్ధురాలైన తల్లితో, పిల్లలతో విశాఖపట్టణమునుండి అరకునకు బయలుదేరితిమి. అంతకు కొన్ని దినములముందు టాపెట్లు బిగింపించితిమి. పై చప్పుడు పోయినది. త్రొక్కినప్పుడు అడుగున ఒక మందపు చప్పుడు మిగిలినది. పెద్ద చప్పుడు పోయినదను తృప్తిలో చిన్నదానిని లెక్కింపలేదు. అనంతగిరి ఘాటు ఎక్కుచుండగా ఆయిలు దీపము మినుకుమినుకుమన్నది. తీగ వదులైనదనుకొంటిమి. మరి కొన్ని మలుపులు తిరుగగానే పెద్ద శబ్దముతో ఇంజను నిలిచిపోయినది. కనెక్టింగు రాడ్డు విరిగి ఇంజను దిమ్మెను చీల్చుకొని బయటికి వచ్చినది. ఒక లారీవారు దయదలచువరకు చీకటిలో, చలిలో, పిల్లలను పొదివికొని కొండమలుపున కూర్చుంటిమి. మరునాడు ఇంజను చూచిన ముసలి మెకానిక్కు, "బాబుగారూ, బండి మూడురోజులనుంచీ చెబుతూనే ఉండి ఉంటుందండి. దీపం వెలగ్గానే ఆపేసినా షెల్లు ఖర్చుతో పోయేదండి" అన్నాడు. రెండు షెల్లులతో, క్రాంకు షాఫ్టు సానతో తీరవలసినది ఇంజను మొత్తమునకు వచ్చినది.

కావున పాఠకులు ఈ క్రమమును గుర్తుంచుకొనవలెను. అడుగున సుత్తి చప్పుడు, దానితో ఆయిలు ఒత్తిడి తగ్గుదల కనబడినచో అక్కడికక్కడే ఇంజను ఆపి, బండిని లాగించుకొని పోవలెను. ఇల్లు దగ్గరనే యున్నదని సాహసింపరాదు. గోళీల చప్పుడు, నీటిపంపు గరగర ఆ వారములోనే చూపింపదగినవి. టాపెట్లు, ఉదయపు పిస్టను చప్పుడు తీరికగా చూపించుకొనవచ్చును. చప్పుడు మొదట వినిన తేదీ, అప్పటి వేగము, ఇంజను వేడి, దారి ఎత్తుపల్లములు ఒక చిన్న పుస్తకములో వ్రాసియుంచి మెకానిక్కునకు చూపుడు. షెడ్డునకు చేరగానే చప్పుడు మానివేయుట పాత కార్లకు అలవాటు. అప్పుడు మీ పుస్తకమే దానికి బదులు చెప్పును.